బెల్లం ముక్కతో కాళహస్తికి

దేవుడి గురించి నాకు గుర్తున్న మొదటి మాట "కళ్ళు పోతాయి."

అప్పుడు నాకు ఆరేళ్ళు. వినాయక చవితి నాడు నైవేద్యానికని నాయనమ్మ ఇత్తడి పళ్ళెంలో పెట్టిన ఉండ్రాళ్ళలో ఒకటి తీసుకుని, తలుపు చాటున నోట్లో వేసుకున్నాను. నాయనమ్మ చూడనే చూసింది. కొట్టలేదు. "సామి తినకుండానే ఎంగిలి చేశావుట్రా? కళ్ళు పోతాయి. లెంపలేసుకో" అంది. వేసుకున్నాను. వారం తిరక్కుండా కళ్ళకలక వచ్చింది. పొద్దున్నే లేచేసరికి రెప్పలు పుసికట్టి, అంటుకుపోయి, ఎంత లాగినా విడలేదు. ఆ వారం మా వీధిలో సగం మంది పిల్లలకి వచ్చిందట గానీ ఆ సంగతి నాకు తెలియదు. తెలిసినా నమ్మేవాణ్ణి కాదేమో. అమ్మ గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి తుడిచేదాకా ఆ చీకట్లో పడుకుని, అన్నంత పనీ చేశాడనుకున్నాను.

నా భక్తి ఆ భయం మీద మొలిచింది. గుళ్ళో వరసలో నిలబడితే ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బళ్ళో నిలబడ్డట్టు ఉండేది. గర్భగుడి ముందు కళ్ళు మూసుకునేవాణ్ణి. అందరూ అది ఏకాగ్రత అనుకునేవాళ్ళు. నిజానికి నేను ఆయన చూపు తప్పించుకునేవాణ్ణి. దర్శనమై బయటికొచ్చి చెప్పులేసుకుంటున్నప్పుడే ప్రాణం తేలిక పడేది. నాన్న పోయినప్పుడు మూడు నెలలపాటు ఏడుపు కూడా సరిగ్గా రాలేదు. ఏ తప్పుకి ఈ శిక్ష అని నా జీవితమంతా తిరగేసి వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, 2025 ఉగాదికి కడప బయల్దేరినప్పుడు కూడా నేను మోసుకెళ్ళింది ఆ దేవుణ్ణే.

ఆ ఏడు ఉగాది మార్చి 30న, ఆదివారం నాడు వచ్చింది. మర్నాడే రంజాను. కడప ఊరికి ఆనుకునే ఉన్న దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఉత్తరం నుంచి తిరుమల వెళ్ళేవాళ్ళకి ఇది తొలి గడప అని, ముందు ఇక్కడ మొక్కి కదలడం ఆచారమని చెబుతారు. గడప అన్న మాటే ఊరికి పేరైందంటారు. అన్నమయ్య ఈ స్వామిని కడపరాయా అని పిలిచి పాడాడు. ఉగాది నాడు ఈ గుడికి ముస్లింలు వస్తారని చాన్నాళ్ళుగా వింటున్నాను. వినడం వేరు, తెల్లవారుజామున ఆ వరసలో నిలబడి చూడడం వేరు. నల్ల బురఖాలు, తెల్ల టోపీలు, పట్టు పావడాలు, చంకలో పసిపిల్లలు. బుట్టల్లో టెంకాయలు, పూలు, అరటిపళ్ళు. ఎవరూ ఎవర్నీ వింతగా చూడడం లేదు. అలా చూస్తున్నది నేనొక్కణ్ణే.

నా ముందు నిలబడ్డ పెద్దావిడకి డెబ్భై ఏళ్ళుంటాయి. గళ్ళ చేతిగుడ్డలో ఏదో మూటకట్టి, రెండు చేతులతో పొట్టకి ఆనించి పట్టుకుంది. పక్కన మనవడు. దర్శనం అయ్యాక మంటపంలో ఒక స్తంభానికి చేరగిలబడి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఆవిడ మూట విప్పింది. లోపల బెల్లం. ముదురు తేనె రంగులో ఉంది, పైన చెరకు పీచు ఒకటి అంటుకుని ఉంది. వేలితో నొక్కితే దిగబడేంత కొత్తది. స్వామికి చూపించి సగం అక్కడ ఇచ్చిందట, సగం తిరిగి తెచ్చుకుంది.

"ఏం మొక్కుకున్నారమ్మా?" అని అడిగాను. గుళ్ళో పక్కవాళ్ళని పలకరించాలంటే నాకు తెలిసిన ప్రశ్న అదొక్కటే.

ఆవిడ నావైపు కాస్త జాలిగా చూసింది. "మొక్కను రాలేదు నాయనా. మొక్కేది పైనున్న అల్లాకే. ఈయన మా అల్లుడు గదా. బీబీ నాంచారమ్మ మా ఇంటి పిల్ల. పండగ పూట అల్లుణ్ణి చూసిపోకుంటే ఎట్ల? మా అత్త తెస్తాండె బెల్లం, ఇప్పుడు నేను తెస్తాండా."

ఉపవాసంలో ఉంది. తీర్థం తాగలేదు. మనవడికి ఇప్పించింది. బెల్లం ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టి, "నువ్వు తిను. నాది పొద్దు గుంకినాక" అంది. ఆమె నోట్లో చుక్క నీళ్ళయినా పోయకుండా కూర్చుంటే ఎదురుగా నేను బెల్లం చప్పరించడం బాగుండదనిపించింది. జేబురుమాలులో చుట్టి పెట్టుకున్నాను.

ఆవిడ వెళ్ళిపోయాక చాలాసేపు అక్కడే ఉండిపోయాను. బీబీ నాంచారమ్మ స్వామిని పెళ్ళాడిన సుల్తాను కూతురని కథ. తెలుగింట్లో అల్లుడంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన్ని ఏదీ అడగరు. ఆయనకే పెడతారు. పండక్కి పిలుస్తారు, రాకపోతే తామే వెళతారు, మర్యాదలో లోటు రానివ్వరు. లోపల ఒకటే ప్రార్థన ఉంటుంది, మా పిల్ల సుఖంగా ఉంటే చాలునని. ఆ వరసలో భయానికీ చోటుంది గానీ అది పెట్టుపోతలు సరిగా జరిగాయో లేదో అన్న భయం. కళ్ళు పోతాయన్నది కాదు. ఆవిడ మతంలో దేవుడికి రూపం లేదు. దాన్ని ఆవిడ రవ్వంత కూడా మీరలేదు. మొక్కు ఒక చోట, చుట్టరికం ఒక చోట పెట్టుకుంది. శ్రీరంగంలోనూ ఇంతే. అక్కడ తులుక్క నాచ్చియార్ అని పిలిచే ఆ సుల్తాను కూతురికి విగ్రహం చెక్కలేదు, గోడ మీద చిత్రమే ఉంటుంది. ఆమె పుట్టింటి తిండి గుర్తుపెట్టుకుని స్వామికి రొట్టె నైవేద్యం పెడతారు. నాంచారు అనే మన మాట ఆ నాచ్చియార్ నుంచి వచ్చిందే. ఒక్క పెళ్ళి కథ ఎన్ని ఊళ్ళలో ఎన్ని తరాల్ని స్వామి ఇంటికి చుట్టాల్ని చేసిందో!

మర్నాడు పొద్దున కడప వీధులన్నీ అత్తరు వాసన. కొత్త బట్టల్లో ఈద్గాకి నడుస్తున్న తండ్రీ కొడుకుల మధ్యలోంచి బస్టాండు చేరి, రాజంపేట మీదుగా తిరుపతి వెళ్ళే బస్సెక్కాను. ఆ మనుషుల్లో నిన్నటి ఆవిడ మనవడు ఉన్నాడేమోనని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

ఒంటిమిట్టలో దిగి రెండు గంటలుంటే సరిపోయింది. శ్రీరామనవమి వారంలో ఉంది, పందిళ్ళు వేస్తున్నారు. ఇక్కడ సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు. హనుమంతుడు ఇంకా రాముణ్ణి కలవకముందరి రూపాలు కాబట్టి ఆయన లేడంటారు. ఇమాంబేగ్ అనే నవాబు ప్రతినిధి "మీ రాముడు పిలిస్తే పలుకుతాడా?" అని అడిగి, తానే పిలిస్తే లోపలినుంచి "ఓ" అని వినబడిందని, 1640లో బావి తవ్వించాడని చెబుతారు. ఆ బావి ఆయన పేరుతోనే ఉంది. అయితే నా మనసుకి పట్టింది వావిలికొలను సుబ్బారావు గారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లో రాసి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న మనిషి, చదువుకున్నవాడు, ఉద్యోగం చేసినవాడు. ఈ గుడి పాడుపడి ఉంటే చూడలేక టెంకాయ చిప్ప చేతపట్టి ఊరూరా బిచ్చమెత్తాడు. ఆయన రాముడు మహారాజే కావచ్చు. అయినా ఇంట్లో దీపం లేని మహారాజు. అలా కనబడితే తప్ప ఆ వయసులో, ఆ పేరున్నవాడు చిప్ప పట్టుకోడు.

నందలూరు దగ్గర బస్సు చెయ్యేరు దాటుతుంటే పక్క సీటాయన మాట ఆపేశాడు. అంతవరకూ బొప్పాయి ధర గురించి చెబుతున్నాడు. ఏరు ఎండి ఉంది, ఎటు చూసినా ఇసక. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పైన అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి ఈ ఏరు ఊళ్ళ మీద పడింది. ఆ రోజు కార్తీక పున్నమి. ఏటి ఒడ్డున శివాలయంలో దీపాలు పెట్టడానికి వెళ్ళినవాళ్ళు కూడా కొట్టుకుపోయారు.

నా లెక్కలు రాసే దేవుడి దగ్గర దీనికి జవాబు లేదు. ఈ వార్త చదివిన రోజే ఆ పుస్తకం మూతపడాల్సింది. దీపం పెట్టడానికి పోయినవాళ్ళు! ఏ ఖాతాలో రాస్తాడు? అడగకూడదని తెలిసీ అడిగాను, మీ వైపు ఇంకా దీపాలు పెడుతున్నారా అని.

"పెడతాండాం సార్" అన్నాడు. కాసేపు ఏటివైపే చూశాడు. "మా చిన్నాయన పోయినాడు ఆ పొద్దు. మా అమ్మ ఒక ఏడాది గుడికే పోలే. ఇప్పుడు పోతాది. గుడీ మునిగింది గదా సార్. ఆయన కూడా మాతోపాటే మునిగినాడు, అంటాది."

రాజంపేట దాకా మేమిద్దరం మళ్ళీ మాట్లాడుకోలేదు. దిగేటప్పుడు ఆయన నా భుజం తట్టి దిగాడు. వేదాంత గ్రంథాలు కొన్ని నేనూ తిరగేశాను. నీళ్ళలో మునిగిపోయిన దేవుణ్ణి పట్టుకుని మళ్ళీ దీపం వెలిగించిన ఆ తల్లి మాటకి సరితూగేది వాటిలో ఎక్కడా నాకు తగల్లేదు. కాపాడలేదేమని నిలదీసి, ఏడాది పాటు మాట్లాడటం మానేసి, చివరికి ఆయన్ని కూడా బాధితుల్లో కలుపుకుంది.

నేనూ రాజంపేటలోనే దిగి కాస్త వెనక్కి వెళ్ళాను. ఊరికి ముందే రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య, చేతిలో తంబురాతో నిలబడి ఉంటాడు. తాళ్ళపాక అక్కణ్ణుంచి దగ్గరే. 1408లో పుట్టి 1503లో కన్నుమూసిన ఈయన 32 వేల కీర్తనలు చెప్పాడంటారు. రాగిరేకుల మీద మనకి మిగిలినవి 14 వేల దాకా ఉన్నాయి. ఒకే దేవుడి మీద అన్ని పాటలు ఎలా వచ్చాయన్నది చిన్నప్పటినుంచీ నా సందేహం. ఆ ఎండలో, ఆ విగ్రహం నీడలో నిలబడ్డప్పుడు ఒక దారి తోచింది. ఆయన వేంకటేశుణ్ణి ఒక్క వరసతో కట్టేయలేదు. తానే అలమేలుమంగ అయి అలిగాడు, చెలికత్తె అయి రాయబారం నడిపాడు, తల్లి అయి జోల పాడాడు, దాసుడై కాళ్ళ మీద పడ్డాడు, ఇంకో పూట నిష్ఠూరమాడాడు. ఎవరెంత మాత్రం తలుచుకుంటే స్వామి వాళ్ళకి అంత మాత్రమే అన్న అర్థంలో ఒక కీర్తన కూడా చెప్పాడు. వైష్ణవులు, వేదాంతులు, శైవులు, కాపాలికులు, శాక్తేయులు తలా ఒక పేరు పెట్టుకుంటే అన్నిటికీ పలికేవాడివి నువ్వేగా అంటాడు. ఆ పాట నేను వందసార్లు విని ఉంటాను. ఎంతసేపూ అందులో దేవుడి గొప్పతనమే వినబడేది. తలుచుకునేవాడి మీద పడ్డ బరువు వినబడలేదు. నేను ఆయన్ని బెత్తమంత చేసి పెట్టుకున్నాను. ఆయన నాకు బెత్తమంతే దొరికాడు.

ఇంకో సంగతి. తిరుమల కల్యాణోత్సవంలో తాళ్ళపాక వంశం వాళ్ళు ఇప్పటికీ ఆడపెళ్ళివారి వైపు, కన్యాదాతల స్థానంలో ఉంటారు. అంటే అన్నమయ్య ఇంటికీ ఆయన అల్లుడే. కడపలో బెల్లం తెచ్చిన ఆవిడా వీళ్ళూ వియ్యపు వరసలో ఒక వైపువాళ్ళే అవుతారు. జేబు మీద చెయ్యి వేసి చూసుకున్నాను. ఎండకి బెల్లం మెత్తబడి రుమాలుకి అంటుకుంటోంది.

కోడూరు మామిడి తోటలు, బాలుపల్లె ఎర్రచందనం అడవి, రేణిగుంట. సాయంత్రానికి శ్రీకాళహస్తి.

ఇక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది రాహుకేతు పూజకి వస్తారు. గ్రహణం రోజున మిగతా గుళ్ళు మూసినా ఈ గుడి తెరిచే ఉంటుంది. మంటపంలో కొత్త దంపతులు, పెళ్ళికాని పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలు వరసలు కట్టి కూర్చున్నారు. ఆ ముఖాల్లో నా ముఖం కనబడింది. ఏదో తప్పు జరిగింది, ఎక్కడో దోషం ఉంది, తీరిస్తే గాని వదలదు. ఆ దిగులు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. వాళ్ళ పిల్లలకి మంచి జరగాలని మనసారా అనుకుని ముందుకి నడిచాను.

లోపల వాయులింగం. గాలి చొరబడని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుంటే అది స్వామి ఊపిరి అంటారు. మూలలింగాన్ని అర్చకులు కూడా చేత్తో తాకరు. లింగం మీద కింద సాలెపురుగు, ఏనుగు దంతాలు, పైన పాము పడగల గుర్తులు ఉన్నాయంటారు. శ్రీ అంటే సాలీడు, కాళమంటే పాము, హస్తి అంటే ఏనుగు. ఊరి పేరులోనే ముగ్గురు భక్తులు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో వీళ్ళ కథలు తీరిగ్గా చెప్పాడు. పాము మణులు తెచ్చి లింగం మీద పెట్టేది. ఏనుగు వచ్చి, ఈ రాళ్ళేమిటని తోసేసి, నీళ్ళతో కడిగి, ఆకులూ పూలూ పెట్టేది. పాము తిరిగొచ్చి, నా స్వామి మీద ఈ చెత్త ఎవరు పోశారని రగిలిపోయేది. ఇద్దరిదీ ప్రేమే. చివరికి పాము ఏనుగు తొండంలో దూరింది, ఏనుగు బాధకి తల కొట్టుకుంది, ఇద్దరూ చచ్చారు. చిన్నప్పుడు ఈ కథని భక్తి కథగానే విన్నాను. ఇప్పుడు వింటే గుబులు పుడుతుంది. దేవుడికి ఏది ఇష్టమో నాకొక్కడికే తెలుసు అన్నచోట ఎంత స్వచ్ఛమైన ప్రేమైనా ఎదుటివాడి పూజని చెత్త అంటుంది. శివుడు ఇద్దరికీ మోక్షమిచ్చాడు నిజమే. ఒకరి పూజ ఇంకొకరు చూసేదాకా అవి ఆగి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు తెల్లారకముందే కన్నప్ప కొండ ఎక్కాను. గుడిని ఆనుకునే ఉంటుంది. శివరాత్రి బ్రహ్మోత్సవాలకి మొదటి ధ్వజం శివుడి గుడిలో ఎగరదు, ఈ కొండ మీద కన్నప్పకి ఎగరేస్తారు. తరవాతే స్వామికి. కన్నప్ప అసలు పేరు తిన్నడు, పొత్తపినాటి ఉడుమూరు బోయపిల్లాడు. రాజంపేట పక్కన ఊటుకూరే ఆ ఊరని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అంటే నిన్న నేను వచ్చిన దారే అతని దారి.

తిన్నడికి ఆగమం తెలియదు. దేవుడు నిరాకారుడనో, సర్వాంతర్యామి అనో ఎవరూ చెప్పలేదు. అడవిలో ఒక్కడే కూర్చున్నవాణ్ణి చూశాడు, ఆకలేస్తుందేమోననుకున్నాడు. పులులు తిరిగే చోట నీకెందుకు, మా ఊరు వచ్చెయ్ అని బతిమాలాడని ధూర్జటి రాస్తాడు. ఆయన రానంటే తనే ఉండిపోయాడు. చేతుల్లో విల్లూ మాంసమూ ఉన్నాయి కాబట్టి నీళ్ళు నోట్లో పట్టి తెచ్చాడు. మాంసం రుచి చూసి, బాగున్న ముక్కలే ఏరి పెట్టాడు. పూజారి వచ్చి చూసి గుండె బాదుకున్నాడు. తమిళంలో సేక్కిళార్ పెరియపురాణంలోనూ ఈ కథ ఉంది. రెండు భాషలవాళ్ళూ ఈ బోయవాణ్ణి వదులుకోలేకపోయారు.

తరవాతిది అందరికీ తెలుసు. లింగం కంట నెత్తురు కారింది. తిన్నడు ఆకు పసర్లు పెట్టి చూశాడు, ఆగలేదు. బాణంతో తన కన్ను పెకలించి అతికించాడు. ఆగింది. రెండో కంట మొదలైంది. రెండో కన్ను తీశాక చోటు ఎలా కనబడుతుందని, గుర్తుకోసం కాలు ఎత్తి లింగం మీద ఆనించాడు. అర్చకుడి చెయ్యి కూడా తగలని ఆ లింగం మీద బోయవాడి కాలు!

ఆ మెట్ల మీద కూర్చుని నేను ఏడ్చాను. యాభై ఏళ్ళుగా కళ్ళు పోగొట్టే దేవుడికి దణ్ణం పెట్టినవాణ్ణి. ఇతనికి దొరికిన దేవుడికి కళ్ళు నొప్పెడతాయి, నెత్తురు కారుతుంది, ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునన్నట్టు ఉంటాడు. అందుకే ఇతనికి ఇవ్వాలని తోచింది. నాకు ఒక్కసారైనా తోచలేదు. ఆయనకి ఏదైనా తక్కువ పడుతుందని ఎవరైనా అనుకుంటారా, నా దేవుడి దగ్గర? చెయ్యేటి ఒడ్డు తల్లికి తోచింది. చిప్ప పట్టుకున్న సుబ్బారావు గారికి తోచింది. బెల్లం తెచ్చిన ఆవిడకి పండగ పండక్కీ తోస్తూనే ఉంది.

నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు. పిల్లలకి కళ్ళు పోతాయని చెప్పిన ఆ మనిషే, రాత్రి అందరూ పడుకున్నాక దేవుడి అలమర ముందు గుడ్డి దీపం వెలుగులో చతికిలబడి, "ఏమయ్యా, నీ దారి నీదేనా, నా గోడు వినవా" అని గొణగడం నేను దుప్పటి సందులోంచి విన్నాను. పొలం కాగితాల గొడవ నుంచి మోకాళ్ళ నొప్పి దాకా అన్నీ చెప్పేది. ఒక్కోసారి నవ్వేది కూడా. తన దేవుణ్ణి తను ఉంచుకుని, నాకు పిల్లలకిచ్చే దేవుణ్ణి ఇచ్చింది. పెద్దవాణ్ణయ్యాక మార్చుకుంటానులే అనుకుందేమో. నేను మార్చుకోలేదు. ఆవిడకి చివరి రోజుల్లో నిజంగానే కళ్ళు మసకబారాయి. అప్పుడు కూడా అలమర దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి, పటాలన్నీ చేత్తో తడిమి, ఎవరెవరో గుర్తుపట్టి, కబుర్లు మొదలుపెట్టేది.

తూరుపు తెల్లబడింది. కింద స్వర్ణముఖి, గోపురాలు, ఊళ్ళో అక్కడక్కడా ఆరుతున్న దీపాలు. జేబులోంచి రుమాలు తీశాను. బెల్లం కరిగి, మళ్ళీ గట్టిపడి, గుడ్డ నేతంతా దాని మీద అచ్చుపడింది. చీమ ఒకటి ఎప్పుడు ఎక్కిందో, అంచున తిరుగుతోంది. ఊదేశాను.

కన్నప్ప ముందు నిలబడి, కళ్ళు తెరుచుకునే, ఒక కొస కొరికి చూశాను. బాగుంది. మిగతాది ఆయన ముందు పెట్టాను.